జట్టు తరఫున భోజనం

పోయిన నెల మా మనవరాలు హర్షిత రాజమండ్రిలో టెన్నిస్ పోటీ ఆడుతుంటే తోడు వెళ్ళాను. మా అమ్మాయికి ఆఫీసులో సెలవు దొరకలేదు కనుక నీళ్ళ సీసాలు, తువ్వాళ్ళు, రాకెట్లు ఉన్న ఆ పెద్ద సంచీ మోసే ఉద్యోగం నాకు వచ్చింది. నీలం రంగు కోర్టులు, చుట్టూ ఆకుపచ్చ తెరలు, ప్రతి పిల్ల వెనకా ఒక తల్లి, తల్లి చేతిలో ఫోను. మధ్యాహ్నం విరామంలో ఎవరి మూల వారిది, ఎవరి డబ్బా వారిది. హర్షితతో ఆడబోయే పిల్ల తల్లి నా పక్క కుర్చీలోనే కూర్చుంది. పొద్దున్నే లేచి వేసిన గారెలు ఉన్నాయి కదా అని మూత తీసి, "తీసుకోండమ్మా, ఇంట్లో చేసినవే" అన్నాను. ఆవిడ గారెల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "థాంక్సండీ, పాప డైట్‌లో ఉందండి" అంది. "పాపకి కాదమ్మా, మీకే" అన్నాను. "నేను కూడానండి" అంది. ఈలోగా హర్షిత నా మోచెయ్యి గిల్లి, "అమ్మమ్మా, మ్యాచ్ ముందు అవతలి వాళ్ళతో మాట్లాడకూడదు" అని చెవిలో చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కాసేపటికి నవ్వొచ్చింది. ఈ పిల్ల వయసులో నేనూ ఒక హైస్కూలు టెన్నిస్ జట్టులో ఉండేదాన్ని. ఆ జట్టులో నా పని భోజనం చెయ్యడం. నిజంగానే అదే నా పని, దానికే నన్ను ఊళ్ళు తిప్పేవారు.

మా ఊరు పాలకొల్లుకి బస్సులో అరగంట. ఆ రోజుల్లో ఆడపిల్లల హైస్కూలంటే ఖోఖో, లేకపోతే టెన్నికాయిట్. మాకు టెన్నిస్ వచ్చిందంటే అది రైసు మిల్లు చలవ. స్కూలు వెనక గోడకి ఆనుకుని మిల్లు ఉండేది. ఉడకబెట్టిన ధాన్యం ఆరబోయడానికి వాళ్ళకి విశాలమైన సిమెంటు కళ్ళం ఉండేది. మిల్లు యజమాని గారు కుర్రతనంలో మద్రాసులో చదువుతూ టెన్నిస్ నేర్చుకున్నారట. ఊళ్ళో తనతో ఆడే మనిషి దొరక్క విసిగిపోయి, రాకెట్లు మా స్కూలుకి ఇచ్చేసి, ధాన్యం లేని వేళల్లో కళ్ళం వాడుకోమన్నారు. నెట్టు నరసాపురం నుంచి వచ్చిన పాత చేపల వల. దాన్ని కొలతకి కత్తిరించి పైన తెల్ల గుడ్డ పట్టీ వేసి మా కుట్టు టీచరు కుట్టి ఇచ్చారు. ఎన్నిసార్లు సబ్బు పెట్టి ఉతికినా వానాకాలం వచ్చేసరికి దానికి మళ్ళీ నీచు వాసన వచ్చేది. గీతలు సున్నంతో మేమే వేసుకునేవాళ్ళం. ఇంట్లో ముగ్గు వేసే చేతులు కనుక గీత వంకర పోయేది కాదు.

మిల్లులో ధాన్యం ఉడికే రోజు పొద్దున్నే ఊరంతా ఆ వాసన కమ్ముకునేది. ఆ వాసన తగిలిందంటే ఆ రోజు ఆట లేదని మాకు తెలిసిపోయేది. ఆరిన ధాన్యం ఎత్తిన మర్నాడు కళ్ళమంతా ఊడిస్తేగాని ఆడడానికి లేదు. ఎంత ఊడ్చినా ఒక గింజ ఎక్కడో మిగిలేది, బంతి సరిగ్గా దాని మీదే పడి అడ్డంగా దూకేది. పిచ్చుకలు కోర్టు మధ్యలోకి వచ్చి కూర్చుంటే అవి లేచేదాకా ఆగేవాళ్ళం. మిల్లు గొట్టం నుంచి ఊక నుసి రాలి మా తెల్ల జాకెట్ల మీద పడేది. మా అమ్మ వాటిని ఉతుకుతూ, "టెన్నిస్ ఆడి వచ్చావో, పొయ్యిలో పడుకుని వచ్చావో తెలియడం లేదే" అనేది.

మా జట్టుని నడిపింది సత్యవతి టీచరు గారు, స్కూల్లో డ్రిల్లు టీచరు. వారిది పెద్దాపురం. మరిడమ్మ తల్లి మీద ఒట్టు పెట్టకుండా ఒక మాట పూర్తి చేసేవారు కాదు. సన్నగా పొడుగ్గా ఉండేవారు. కుచ్చిళ్ళు పైకి దోపుకుని కాన్వాసు బూట్లు వేసుకుని వీధిలో నడిచి వస్తుంటే మొదట్లో అరుగుల మీద ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. తర్వాత వాళ్ళే పిల్లల్ని పంపారు. చేరినవాళ్ళు చాలామందే గాని సిమెంటు మీద ఎండకి చివరికి మిగిలింది ముగ్గురం. బట్టల కొట్టు వారి అమ్మాయి పద్మ, మా వీధి చివర ఉండే శేషు, నేను. పోటీకి కావలసింది ఇద్దరే. మామూలుగా ఆ ఇద్దరే చెరొక సింగిల్స్ ఆడి, చివర కలిసి డబుల్స్ ఆడతారు. మూడో మనిషి ఎక్స్‌ట్రా. పద్మ బంతిని గట్టిగా కొడుతుంది, శేషు చిరుతలా ఉరుకుతుంది, కాబట్టి ఎక్స్‌ట్రా నేనే. పొద్దున పద్మకి, సాయంత్రం శేషుకి అవతల నిలబడి బంతులు కొట్టి పెట్టేదాన్ని. నిజానికి ఆ ఇద్దరి కంటే బంతిని ఎక్కువసార్లు కొట్టింది నేనే, కాకపోతే దానికి ఎవరూ పాయింట్లు ఇవ్వరు.

ఇక భోజనం సంగతి. పోటీలు ఒక్కోసారి ఒక్కో ఊళ్ళో జరిగేవి. వెళ్ళిన జట్టుకి ఆ ఊళ్ళో ఎవరో ఒక పెద్దింటివారు భోజనం పెట్టేవారు. ఆట ఎండ తగ్గాక, భోజనం ఆటకి ముందు. నేను జట్టులోకి రాక ముందు ఏడు టీచరు గారు పిల్లలకి కడుపు బరువెక్కకూడదని పెరుగన్నం డబ్బాలు కట్టించి తీసుకెళ్ళారట. ఆ ఇంట్లో ఆకులు వేసి, పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పూర్ణం బూరెలు చేసి కూర్చున్నారు. వీళ్ళు వెళ్ళి డబ్బాలు తెరిచారు. ఆ ఇల్లాలు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మా ఇంటి వంట మీకు పనికిరాలేదాండీ?" అందిట. మా వాళ్ళు ఆట గెలిచి బస్సు దిగేసరికి, 'మీ పిల్లలు మా ఊళ్ళో మెతుకు ముట్టలేదట' అన్న కబురు మా హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గర కూర్చుని ఉంది. మర్నాడు ఆ స్కూలు వాళ్ళు మాతో ఇక ఆడేది లేదన్నారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, అది మా వైపు పుట్టిన సామెత అయ్యుండదు. మా వైపు వద్దన్నా పెడతారు, వద్దన్నందుకు ఏడుస్తారు కూడా.

అప్పుడు టీచరు గారు ఆలోచించి ఈ ఏర్పాటు చేశారు. నన్ను పిలిచి, "రత్నం, నువ్వు బాగా తింటావు కదూ?" అన్నారు. "తింటానండి" అన్నాను, గొప్పగా. "అయితే నువ్వు జట్టు తరఫున తినాలమ్మా. వాళ్ళిద్దరూ ఆకు ముందు కూర్చుని రుచి చూసి ఊరుకుంటారు. వాళ్ళ వాటా మర్యాద కూడా నువ్వే చెయ్యాలి" అన్నారు. ఆ రోజు నుంచి ప్రతి ఊళ్ళోనూ వడ్డించేవారికి నన్నే చూపించేవారు. ఇది మీరనుకున్నంత సులువైన పని కాదు. ఊరికే తింటే చాలదు, ఇల్లాలి మనసు నిండేలా తినాలి. పప్పు కలుపుకోగానే ఆవకాయ అడగాలి. కంద బచ్చలి కూర మారు వేయించుకోవాలి. బూరెకి వేలితో చిల్లు పెట్టి నెయ్యి కోసం చెయ్యి ఆపి ఎదురుచూడాలి. ఎంత తిన్నా చివర గడ్డపెరుగు దగ్గర నీరసపడకూడదు. నేను ఇంటికొస్తే మా నాన్న, "గెలిచారా?" అని ఏనాడూ అడగలేదు. పడక్కుర్చీలో ముందుకి వంగి, "ఏం పెట్టారే?" అనేవారు. నేను చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు. దప్పళంలో ములక్కాడ వేశారో లేదో తప్పకుండా అడిగేవారు.

కొన్నాళ్ళు నాకూ సరదాగానే ఉండేది. ఒక ఊళ్ళో మేము గుమ్మంలో అడుగు పెట్టగానే లోపలి నుంచి ఎవరో, "ఆ తినే పిల్ల వచ్చిందా?" అని అడిగారు. ఆ మాటకి పద్మ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను గాని ఆ రోజు ముద్ద దిగలేదు. రాకెట్టు పట్టుకుని ఇన్ని ఊళ్ళు తిరుగుతున్నాను, ఒక్క ఊళ్ళో ఒక్క మనిషి నన్ను ఆడగా చూడలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నిజం పోటీ ఆడితే చాలనిపించింది. ఆ కోరిక అన్నం దగ్గరా నిద్ర దగ్గరా కూడా నన్ను వదల్లేదు. సిగ్గు విడిచి టీచరు గారిని అడిగాను. "ఎక్స్‌ట్రా అంటే ఎక్స్‌ట్రాయే తల్లీ. అవసరం వచ్చిననాడు నిన్నే పిలుస్తాను, మరిడమ్మ తల్లి మీద ఒట్టు" అన్నారు.

అవసరం వచ్చింది, మేము తొమ్మిదో తరగతిలో ఉండగా, కాలవ గట్టున ఒక ఊళ్ళో. ఆ రోజు గెలిస్తే జోనల్ పోటీలకి వెళ్తాం. మాకు భోజనం పెట్టింది అవతలి జట్టులో ఆడే కుమారి అనే అమ్మాయి వాళ్ళింట్లోనే. కుమారి వాళ్ళ మామ్మగారు పెద్ద బొట్టుతో, పచ్చటి మనిషి, కొంగు బిగించి స్వయంగా వడ్డించారు. నేను నా పని లోపం లేకుండా చేశాను. ఆవిడ, "ఈ పిల్ల తిండి చూస్తే కడుపు నిండిపోతోందమ్మా" అని మురిసిపోయి, ఇంకో బూరె వేశారు. కాదనడం నా ఉద్యోగంలో లేదు కాబట్టి అదీ తిన్నాను. తర్వాత ఆవిడ ఇల్లు తాళం వేసుకుని, ఇంట్లో కుర్చీ పాలేరు చేత మోయించుకుని, ఆట చూడడానికి మాతో పాటే వచ్చారు.

పద్మ తన సింగిల్స్ గెలిచింది. శేషు ఓడిపోయింది. ఓడిపోతే పోయింది, ఆఖరి బంతికి ఎర్ర గ్రావెల్ మీద జారి మడమ మెలితిప్పుకుంది. కాలు నేల మీద ఆనడం లేదు. ఇక మిగిలింది డబుల్స్, అదే తేల్చాలి. టీచరు గారు శేషు కాలికి తడిగుడ్డ చుడుతూ తలెత్తి నా వంక చూశారు.

"ఏం తిన్నావే?"

"అన్నీ తిన్నానండి."

ఆవిడ ఒక్క క్షణం నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నారు. "సరే, వెళ్ళు" అన్నారు.

వోణీ నడుముకి బిగించి కోర్టులోకి వెళ్ళాను. బిగించడానికి నడుములో చోటు లేదు, అది వేరే సంగతి. మొదటి రెండు గేముల్లోనూ కుమారి నన్ను ఈ మూల నుంచి ఆ మూలకి పరిగెత్తించింది. రొప్పొచ్చింది, డొక్కలో పొడిచినట్టయింది, అయినా బంతికి అందుతున్నాను. గుండె ఉప్పొంగిపోతోంది. అంతలో కుర్చీలోంచి మామ్మగారి కేక వినబడింది.

"ఒసే కుమారీ! ఆ పిల్లని అలా పరిగెత్తించకే! ఇందాకేనే అన్నం తింది!"

ఊళ్ళో వాళ్ళంతా నవ్వారు. మామ్మగారు నవ్వలేదు. "నవ్వుతారేంటి? మనింట్లో ఆకు ముందు నుంచి లేచి వచ్చిన పిల్ల. కడుపులో నొప్పొస్తే ఎవరిదండీ పాపం?" అన్నారు. కుమారి బుద్ధిమంతురాలు. మామ్మ మాట జవదాటే పిల్ల కాదు. ఆ తర్వాత బంతి నా చేతిలో పెట్టినట్టు నా ముందుకే, మెత్తగా, తేలిగ్గా వేయడం మొదలుపెట్టింది. నేను నిలబడ్డ చోటు నుంచి కదలకుండా కొడుతున్నాను. పాయింట్లు వస్తున్నాయి. మేము ముందుకి వెళ్ళిపోయాం. నాకు మాత్రం ఏడుపొస్తోంది. రాక రాక కోర్టులోకి వచ్చాను. ఇక్కడ కూడా నాకు వడ్డిస్తున్నారు.

"పద్మా, తను నాకు కావాలని మెత్తగా వేస్తోందే" అన్నాను.

"వేస్తే వెయ్యనీ. నీకేం పోయింది? గెలుస్తున్నాం కదా, నోరు మూసుకో" అంది పద్మ.

నేను మూసుకోలేదు. నెట్టు దగ్గరికి వెళ్ళి, "నాకు దూరంగా కొట్టండి" అన్నాను కుమారితో. "మామ్మ తిడుతుందండి" అంది ఆ పిల్ల, భయంగా. అయితే తేల్చవలసింది నీతో కాదులే అని కుర్చీ దగ్గరికే వెళ్ళాను. "మామ్మగారూ, నాకేం కాదండి. నేను ఆడడానికి వచ్చానండి. ఇదే నా మొదటి ఆటండి. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదండి" అన్నాను. ఆవిడ కుర్చీలోంచి లేచారు. "అయ్యో తల్లీ! ఆడే పిల్లవని ఆకు దగ్గర చెప్పకూడదా? రెండో బూరె వేసేదాన్ని కాదు కదమ్మా" అన్నారు. కొంగుతో నా చెమట తుడిచి, కోర్టు వైపు తిరిగి, "కుమారీ! ఇక నీ ఇష్టమే, కొట్టు!" అని కేకేశారు.

కొట్టింది. ఆ పిల్ల అంత బాగా ఆడుతుందని అప్పటిదాకా నాకు తెలియనే లేదు. పరిగెత్తాను, పడ్డాను, లేచాను, మోచెయ్యి దోక్కుపోయింది. ఒక బంతిని వెనక్కి వెనక్కి వెళ్ళి వాళ్ళిద్దరి మధ్య నుంచి పంపిస్తే మామ్మగారే ముందు చప్పట్లు కొట్టారు. చివరిదాకా లాక్కొచ్చాం. చివర ఓడిపోయాం.

తిరుగు బస్సులో పద్మ నాతో మాట్లాడలేదు. శేషు తన కాలు ఒళ్ళో పెట్టుకుని కిటికీ లోంచి కాలవ చూస్తూ కూర్చుంది. టీచరు గారు ముందు సీట్లో ఉన్నారు, మెడ తిప్పలేదు. నా నోటి దురదతో జోనల్ పోటీలు పోయాయి. ఇక నన్ను జట్టులో ఉంచరని, ఉంచినా మళ్ళీ ఆకు ముందుకే పంపుతారని నిశ్చయించుకున్నాను. అంత భయంలోనూ ఒక సంతోషం దాచుకున్నాను. మా నాన్న ఎప్పటిలా, "ఏం పెట్టారే?" అంటే, "ఆడాను నాన్నా" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. దప్పళం గురించి అడిగారు.

ఇక రాజమండ్రిలో హర్షిత గెలిచింది. ఆ గారెల తల్లి, ఆవిడ కూతురు మాతో ఒక్క మాట లేకుండా సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. ఇంటికి వస్తుంటే కారులో హర్షిత గారెలన్నీ తానే తినేసింది. ఇప్పటి పిల్లలకి మంచి బంతులు, మంచి బూట్లు ఉన్నాయి. ఎప్పుడు ఏం తినాలో చెప్పే కోచ్ ఉన్నాడు. ఎక్స్‌ట్రా అన్న మాటే లేదు, ఎవరి ఆట వారిది. అది మంచిదే, నేను కాదనను. నాలాగా కడుపు నిండా బూరెలు పెట్టుకుని ఎవరూ పరిగెత్తనక్కర్లేదు. కానీ అవతలి పిల్ల కడుపులో నొప్పొస్తుందేమోనని కుర్చీలోంచి కేకేసే మనిషి ఆ నీలం కోర్టుల చుట్టూ ఎక్కడా కనబడలేదు. ఆ కేకకి నేను ఆ రోజు ఎంత ఉడికిపోయానో, ఇప్పుడు దాని కోసం అంతగా చెవి ఒగ్గి కూర్చున్నాను. మనిషికి ఏదీ సరిపడి చావదు.

ఆ ఓడిపోయిన ఏడు గడిచింది. మేము పదో తరగతికి వచ్చాక మొదటి పోటీకి ఇంకో ఊరు వెళ్ళాం. శేషు కాలు ఎప్పుడో బాగైపోయింది. టీచరు గారు నాతో ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. నడవలో ఆకులు వేశారు. నేను అలవాటుగా వడ్డించేవారికి ఎదురుగా ఉన్న ఆకు ముందు కూర్చున్నాను. ఆ ఇల్లాలు పప్పు గిన్నెతో వంగబోతుంటే టీచరు గారు, "ఆ అమ్మాయికి పెరుగన్నం చాలండి. ఈ ఏడు మా డబుల్స్ పద్మ, రత్నం ఆడతారు. శేషుకి సింగిల్స్ ఒక్కటే" అన్నారు. పద్మ నా వంక చూసి, కాస్త జరిగి చోటిచ్చింది. ఆ ఇల్లాలి మొహం చిన్నబోయింది. "అదేంటండీ, ముగ్గురూ అలాగంటే ఇంత వంటా ఎవరు తింటారండీ?" అంది.

టీచరు గారు అర ఇడ్లీ తిని డబ్బా మూసేసే మనిషి. వారానికి రెండు ఉపవాసాలు. ఆవిడ కాన్వాసు బూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టారు, కాళ్ళు కడుక్కుని వచ్చారు, నా ఎదురు ఆకు ముందు మఠం వేసుకుని కూర్చున్నారు. "నాకు వడ్డించండి" అన్నారు. పప్పు, కూర, దప్పళం, మళ్ళీ కూర. ఆవకాయ ఘాటుకి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా చెయ్యి అడ్డం పెట్టలేదు. బూరె వేస్తే వేలితో చిల్లు పెట్టి నెయ్యి కోసం చెయ్యి ఆపారు. ఆ ఇల్లాలి మొహం విప్పారింది. నేను తినడం మానేసి టీచరు గారినే చూస్తున్నాను. ఆవిడ గమనించి, నోట్లో ముద్దతోనే నన్ను కసిరారు.

"చూస్తావేంటే? లేచి వెళ్ళి ఆడుకో. ఇక్కడ పని నేను చూసుకుంటాను."